అతుకుల బొంత - అచ్చు నమూనా

మన భాషలో ‘అతుకుల బొంత’ అన్నది మెచ్చుకోలు మాట కాదు. పొంతన లేని ఉపన్యాసమును, పది చేతులు పడి చెడిన పనిని ఈ పేరుతో ఎత్తిపొడుచుట మనకు అలవాటు. కాని నిజమైన బొంతను విప్పి వెలుతురులో పట్టుకొని చూచినవారికి ఈ మాట అన్యాయమనిపించక మానదు. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క ఉండవలెనో, ఏ రంగు ఎచ్చట ఆగవలెనో నిర్ణయించిన బుద్ధి ఒకటి ఆ అతుకులలో కనబడును.

బొంత కట్టుబడి అందరికిని తెలిసినదే. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలు నాలుగైదు తీసికొందురు. చిరుగులు పడినవి నడుమ పొరలకు పోవును. రంగు నిలిచినవి పైకి వచ్చును. అన్నిటిని ఒకదానిపై నొకటి పరచి, అంచు మొదలుకొని లోపలికి, సూదిని పైకి క్రిందికి దూర్చుచు వరుసలు వరుసలుగా సాదా కుట్టు వేయుదురు. దూదేకులవారు ఏకిన దూది నింపి కుట్టినచో అది రజాయి. దూది లేక కేవలము చీరల పొరలతో కుట్టినది బొంత. బెంగాలు కాంతా, బీహారు సుజనీ, కన్నడదేశపు కౌది దీనికి అక్కచెల్లెండ్రు. క్రొత్త బట్ట ఎంత ఖరీదైనదైనను పాతచీర మెత్తదనము దానికి రాదు. అందుచేతనే పసిబిడ్డ క్రింద పరచుటకు నేటికిని బొంతనే వెదకుచున్నాము.

గడ్డిఅన్నారము వంటి పేటను తలచుకొనుడు. ఒకప్పుడు అది వేరు మునిసిపాలిటీ. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. ఊరిలోని చాలమంది దానిని పండ్ల బజారు పేరుతో గుర్తించెడివారు. 2021లో ఆ బజారును బాటసింగారమునకు తరలించుట మొదలైనది. చదువుల కొరకును, ఉద్యోగముల కొరకును జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అక్కడ అనేకము. అట్టి ఇండ్లలో ఊరినుండి అమ్మమ్మయో నాయనమ్మయో పంపిన బొంత ఒకటి, మూతవేసిన కుట్టుమిషను ఒకటి ఉండుట అరుదు కాదు. నాలుగడుగులు వేసినచో దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణములు. చేతిలో విద్య ఉన్నది, బట్ట దగ్గరలో ఉన్నది, మధ్యాహ్నము రెండు గంటల తీరిక ఉన్నది. ఇక ఇరుగుపొరుగువారు చెప్పు సలహా ఒక్కటే: “ఇంత బాగా కుడుతున్నావు గదమ్మా, అమ్మరాదూ?”

ఈ సలహాను కొంచెము లెక్క వేసి చూతము. ఇవి నేను ఊహించిన అంకెలే. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. ఒక పెద్ద బొంతకు దినమునకు మూడు గంటల చొప్పున 30 దినములు పట్టెననుకొందము. అవి 90 గంటలు. బట్టకు, దారమునకు 1,200 రూపాయలు అయినవి. కొనువారు 3,000 ఇచ్చిరి. మిగిలినది 1,800. అనగా గంటకు 20 రూపాయలు. ధర రెట్టింపు చేసినను, అంత ధర పెట్టువారు ఎంతమంది? పైగా ఆ బొంత అమ్ముడు పోయినదంటే పోయినదే. రెండవ దానికి మరల 90 గంటలు కావలెను. చేతిపని అంతటికిని ఉన్న చిక్కు ఇది. అమ్మకము పెరిగినకొలది ఆదాయముతోపాటు శ్రమయు అంతే పెరుగును. వయసు మాత్రము పెరుగుచునే ఉండును. కన్ను, నడుము సహకరించుట తగ్గును.

ఈ చిక్కునుండి బయటపడు త్రోవ ఒకటి కలదు. బొంతను గాక, బొంత ఎట్లు కుట్టవలెనో తెలుపు నమూనాను అమ్ముట. కొలతలు, ముక్కల ఆకారములు, రంగుల అమరిక, కుట్టు క్రమము ఇవన్నియు కాగితముపై పెట్టి, ఆ కాగితమును అమ్ముట.

కాగితమును ఎవరు కొందురని మీరు నవ్వవచ్చును. కాని తెలుగువారు ఈ విధమైన కాగితమును తరతరాలుగా కొనుచునే యున్నారు. సంక్రాంతి నెల పట్టగనే ఫుట్‌పాతులపై వెలయు ముగ్గుల పుస్తకములు ఏమి? ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ఒక్క పంక్తి వ్రాసి ప్రక్కన బొమ్మ వేసినచో, ఆదిలాబాదులోని ఇల్లాలును, అనకాపల్లిలోని ఇల్లాలును ఒకే ముగ్గు తప్పు లేకుండ పెట్టగలరు. నడుమ వరుస 15. దాని పైన, క్రింద ఒక్కొక్క చుక్క తగ్గుచు, చుక్కల సందులలో చుక్కలు పడుచు, 8 వద్ద ఆగును. ఇంత సంగతిని ఆరు మాటలలో ఇమిడ్చిన లిపి మనవారిది. గళ్ళను బట్టి ఆలోచించుట, ఒక మూలనుండి రూపమును పెంచుకొనిపోవుట, తిప్పి చూచినను చెడని అమరిక కల్పించుట - బొంత నమూనాకు కావలసిన బుద్ధి అంతయు ముగ్గు పెట్టు చేతిలో ముందే ఉన్నది.

ఇంకొక ఉదాహరణము కూడ దూరమున లేదు. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టి కొంతదూరము పోయి ప్రక్కకు తిరిగినచో పోచంపల్లి. అక్కడి ఇక్కతు నేతలో దారము మగ్గమెక్కకముందే గళ్ళ కాగితముపై డిజైను సిద్ధము కావలెను. దానిని బట్టియే దారమునకు కట్లు కట్టి రంగులలో ముంచుదురు. కాగితముపై ఒక గడి తప్పినచో చీరపై తప్పును. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతలో గళ్ళ కాగితము వ్రాయువాని పని నేయువాని పనికి తక్కువదని ఎవరును అనరు.

అయినను బొంత నమూనాను వ్యాపారముగా నిలబెట్టిన ఉదంతము కావలెనన్నచో సముద్రము దాటవలసియున్నది. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున మేరియన్ అను చిన్న పట్టణము కలదు. అక్కడ మేరీ వెబ్‌స్టర్ అను గృహిణి ఉండెను. ఆమె 1859లో జన్మించినది. కుట్టుపనిలో నేర్పరియే గాని, తన మొదటి బొంతను తన కల్పనతో కుట్టునాటికి ఆమెకు 50 ఏండ్లు. ఆ కాలమున అక్కడి బొంతలు ముదురు రంగులతో, గట్టి జ్యామితి రూపములతో ఉండెడివి. ఆమె లేత రంగుల నూలుబట్ట తీసికొని, తన తోటలోని పూవులనే ముక్కలుగా కత్తిరించి, తెల్లని బట్టపై కుట్టెను. ‘లేడీస్ హోమ్ జర్నల్’ అను మహిళా పత్రిక 1911 జనవరి సంచికలో ఆమె బొంతలను రంగులలో అచ్చువేసినది.

తరువాత జరిగినదే మనకు ముఖ్యము. బొంత చూచి ముచ్చటపడిన పాఠకురాండ్రు కుట్టిన బొంతను మాత్రమే కోరలేదు. తాము కుట్టుకొనుటకు నమూనా కావలెనని ఉత్తరములు వ్రాయసాగిరి. మేరీ వెబ్‌స్టర్ ఇంటినుండియే ఆ నమూనాలను తయారుచేసి తపాలాలో పంపసాగెను. ఒక్కొక్క పొట్లములో నిలువెత్తు కొలతలతో నీలి పటములు, ఏ రంగు ముక్క ఎచ్చట కూర్చుండునో చూపు పలుచని రంగు కాగితము, కుట్టు వివరము ఉండెడివి. వెల 50 సెంట్లు. 1915లో ఆమె వ్రాసిన గ్రంథము బొంతల చరిత్రపై మొదట వెలువడిన పుస్తకముగా పేరొందినది. 1921లో ఇద్దరు స్నేహితురాండ్రతో కూడి ‘ప్రాక్టికల్ ప్యాచ్‌వర్క్ కంపెనీ’ అను సంస్థ స్థాపించినది. ఆ సంస్థ పద్ధతి గమనింపదగినది. ఒకే డిజైనును వారు పలు మెట్లలో అమ్మిరి: నమూనా మాత్రము కావలసినవారికి నమూనా, బట్ట కూడ కావలసినవారికి గుర్తులు వేసిన బట్టల కట్ట, పనిలో సగము చేసి ఇమ్మనువారికి ముక్కలు కచ్చాకుట్టుతో నిలిపిన బొంత, డబ్బున్నవారికి పూర్తియైన బొంత. అందరికన్న తక్కువ చెల్లించినామె కొన్న కాగితమే, ఎన్నిసార్లు అమ్మినను తరుగనిది. ఆమె 1942లో పని విరమించి, 1956లో కన్నుమూసినది. మేరియన్‌లోని ఆమె ఇల్లు నేడు బొంతల కళకు అంకితమైన ప్రదర్శనశాల.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగినది, మనకేమి అని అందురా? మన గోదావరి ఒడ్డున దీనికి పూర్తిగా ఎదురైన కథ ఒకటి ఉన్నది. రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూడనిదే ఈ విషయము తేటపడదు.

నరసాపురము లేసు అల్లిక మీరు వినియే యుందురు. 1844 ప్రాంతమున మెక్రే అను మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు ఈ పని నేర్పిరని చెప్పుదురు. సన్నని దారము, కొక్కెము వంటి సూది, ఇంటి అరుగు; పెట్టుబడి అంతకుమించి లేదు. ఆ అల్లిక క్రమముగా ఓడలెక్కి విదేశముల బల్లలపై పరచుకొన్నది. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి, ఇల్లిల్లు తిరిగి పరిశీలించి, 1982లో ‘నరసాపురపు లేసు పనివారు’ అను పేరుతో ఇంగ్లీషున ఒక గ్రంథము వెలువరించినది. ఆమె కనుగొన్న సంగతి చేదైనది. లక్షకు పైబడిన స్త్రీలు ఈ పనిలో ఉండిరి. పువ్వులు అల్లు చేతిపని ఒకరిది. ఆ పువ్వులను కలిపి కుట్టు అతుకుపని వేరొకరిది. దారము దళారి ఇచ్చును; పూర్తియైన దానిని దళారియే తీసికొనిపోవును; కూలి ముక్కల లెక్కన. వీరు పనివారు కారు, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులు అని లోకము భావించుటచేతనే కూలి అంత తక్కువగా నిలిచినదని ఆమె వాదము. ఆ తీరిక దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు!

మేరీ వెబ్‌స్టరు చేతిలో ఉన్న నేర్పు నరసాపురపు స్త్రీల చేతిలోను ఉన్నది. బహుశః అధికముగనే ఉన్నది. తేడా ఎక్కడ? ఏ అల్లిక అల్లవలెను, ఎన్ని, ఎవరికి, ఏ ధరకు అను నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పునది ఇక్కడ అల్లు చేయి కాకపోయినది. మేరియన్‌లో బొమ్మ గీచిన చేయియే వెల కూడ నిర్ణయించినది. సహకార సంఘములు కొన్ని ఏర్పడి ఈ అంతరమును కొంత తగ్గింపజూచినవి. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. సంతోషము. కాని ఆ గుర్తింపు వస్తువు ఏ ఊరిదో చెప్పును. ఏ ఇల్లాలి కల్పనయో చెప్పదు.

కనుక మధ్యాహ్నపు కుట్టుపనిని సంపాదనగా మార్చుకొనదలచినవారు మొదట అడుగవలసినది ఎంత వచ్చును అని కాదు, నమూనా ఎవరి చేతిలో ఉన్నది అని. నమూనా తన చేతిలో ఉండవలెనన్నచో అది తన తలలో ఉన్నంతమాత్రమున చాలదు. కాగితముపైకి రావలెను, పరాయి ఇల్లాలు చదివి కుట్టునంత స్పష్టముగ రావలెను. అసలు కష్టము ఇక్కడనే ఉన్నది. చేయి తిరిగినవారికి ఈ కష్టము మరియు ఎక్కువ. వంటలో ‘ఉప్పు తగినంత’ అన్నట్లు, తెలిసినవారు తెలిసినదానిని వ్రాయరు.

ఒక సులభమైన బొంతను తీసికొని చూతము. 60 అంగుళముల వెడల్పు, 84 అంగుళముల పొడవు. దీనిని 12 అంగుళముల చదరములుగా విభజించినచో అడ్డముగ 5, నిలువున 7. వెరసి 35 చదరములు. ఒక్కొక్క చదరములో మూడు వరుసల మూడేసి గళ్ళు, అనగా 4 అంగుళముల గళ్ళు 9. మూలల నాలుగు, నడుమ ఒకటి, ఈ 5 రంగువి. తక్కిన 4 తెల్లవి. చెకుముకి పిల్లవాడైనను గీయగల బొమ్మ.

గడి 4 అంగుళములే గాని ముక్కను 4 అంగుళములకు కత్తిరించినచో బొంత చిన్నబోవును. కుట్టుకు నాలుగు వైపుల పావు అంగుళము వదలవలెను గనుక ముక్క నాలుగున్నర అంగుళములు. ఈ సంగతి చాలమంది వ్రాయుదురు. ఇక బట్ట ఎంత? రంగు ముక్కలు 35 ఐదులు 175, తెల్లవి 140. 44 అంగుళముల పన్నా బట్టలో ఇరువైపుల గట్టి అంచు పోగా 42 అంగుళములు చేతికి వచ్చును. అందులో నాలుగున్నర అంగుళముల ముక్కలు 9 పట్టును. రంగు బట్టలో 20 పట్టీలు కావలెను; 20 నాలుగున్నరలు 90 అంగుళములు, అనగా 2 మీటర్ల 29 సెంటీమీటర్లు. ఉతికిన తరువాత కుంచించుకొనుటకు, కత్తెర జారుటకు కలిపి రెండున్నర మీటర్లు అని వ్రాయవలెను. తెల్లబట్టలో 16 పట్టీలు, 72 అంగుళములు. రెండు మీటర్లు చాలును.

కాని మన దుకాణములలో 36 అంగుళముల పన్నా బట్ట కూడ ఉన్నది గదా. అందులో అంచులు పోగా వరుసకు 7 ముక్కలే వచ్చును. అప్పుడు రంగు బట్ట పట్టీలు 25, నూటపన్నెండున్నర అంగుళములు, దాదాపు 2 మీటర్ల 86 సెంటీమీటర్లు. రెండున్నర మీటర్లు కొని తెచ్చిన ఇల్లాలికి చివరి ఆరు చదరములకు బట్ట చాలదు. ఆమె మరల దుకాణమునకు పోవునప్పటికి ఆ రంగు అయిపోయియుండును. ఆ దినమున ఆమె మిమ్ము తలచుకొను తీరు నేను వర్ణింపనక్కరలేదు. కావున నమూనాలో ‘రెండున్నర మీటర్లు’ అని ఊరకొనరాదు; ఏ పన్నాకు అని కూడ వ్రాయవలెను. పాతచీరతో కుట్టువారికి వేరే పంక్తి ఉండవలెను. కుచ్చెళ్ళ వద్దను, కూర్చుండు భాగమునను బట్ట అరిగియుండును, ముక్కలు అక్కడినుండి తీయవద్దు అన్న హెచ్చరిక కూడ అందులో ఉండవలెను. ఏ విదేశపు నమూనాలోను ఈ పంక్తి దొరకదు. ఇది మనవారే వ్రాయవలసినది.

చదరము సులభము, త్రికోణము వచ్చినచో లెక్క మారును. ఒక చదరమును మూలనుండి మూలకు కోసి రెండు త్రికోణములు చేసి, రెండు రంగులవి జత కుట్టి గడి చేయుట బొంతలలో తరచుగా కనబడు పద్ధతి. ఇక్కడ కూడ అర అంగుళము కలిపినచో చాలుననిపించును. చాలదు. ఏటవాలు ప్రక్కన కూడ కుట్టు పడును. మొనల వద్ద ఆ పావు అంగుళము మరింత బట్టను తినివేయును. సరియైన లెక్క వేసినచో 0.854 అంగుళము తేలును. ఆచరణలో ఎనిమిదింట ఏడు వంతుల అంగుళము కలుపుదురు. అనగా 4 అంగుళముల గడి కొరకు తీసికొనవలసిన చదరము 4 అంగుళముల మీద ఎనిమిదింట ఏడు వంతులు. ఈ చిన్న లెక్క తెలియక కోసిన త్రికోణములలో నక్షత్రపు మొనలన్నియు మొండిపడును. కారణము వివరింపకున్నను కొలత మాత్రము సరిగా ఇచ్చిన నమూనాకు మంచి పేరు వచ్చును. అందముగ అచ్చువేసి కొలత తప్పిన నమూనాను రెండవసారి ఎవరును కొనరు.

వ్రాసిన దానిని పరీక్షించు పద్ధతి ఒక్కటే. మీ కుట్టు ఎన్నడు చూడని ఒకరికి ఆ కాగితము ఇచ్చి, కనీసము నాలుగు చదరములు కుట్టుమనవలెను. మీరు ప్రక్కనే కూర్చుండవలెను. నోరు మాత్రము తెరువరాదు. “వదినా, ఈ ముక్క ఇటు మడవాలా, అటా?” అని ఆమె అడిగిన ప్రతి ప్రశ్నయు నమూనాలో లేని ఒక వాక్యము. వానిని వ్రాసికొని, సరిచేసి, వేరొకరికి ఇచ్చి మరల పరీక్షింపవలెను. ఇద్దరు ముగ్గురి చేతులు దాటి ప్రశ్నలు ఆగినప్పుడు ఆ కాగితము అమ్మకమునకు సిద్ధము. పరీక్షించినవారికి బట్ట ఖర్చు ఇచ్చుట, నమూనాపై వారి పేరు అచ్చువేయుట ధర్మము. నరసాపురపు పద్ధతిని మన ఇంటి వసారాలో మనమే మొదలుపెట్టకూడదు.

ఇక కల్పన ఎవరిది అను ప్రశ్న. తొమ్మిది గళ్ళ చదరము ఎవరి సొత్తును కాదు. చుక్కల ముగ్గులోని పాత రూపములును అంతే. వానిని తీసికొని క్రొత్త అమరిక చేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. తండాల లంబాడీ స్త్రీల పని విషయమున మాత్రము కొంచెము ఆగి ఆలోచింపవలెను. సాగరు రోడ్డు వెంట దేవరకొండ వైపు పోయినచో, అద్దములు, గవ్వలు, అతుకు ముక్కలు కూర్చిన వారి దుస్తులు నేటికిని కొన్నిచోట్ల చూడవచ్చును. ఆ జాతివారే కర్ణాటకలో సండూరునందు కూడి పనిచేయగా, ‘సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ’కి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పనిని చూచి గీచి తన పేరుతో అమ్ముకొనుట చట్టమునకు చిక్కినను చిక్కకున్నను, నా దృష్టిలో అది దొంగతనమునకు దగ్గర. వారిలో ఒకరిని పిలిచి, వాటా నిర్ణయించి, కలిసి చేయుట వేరు.

మీ సొంత కల్పనకు చట్టము ఇచ్చు రక్షణ రెండు తెరగులు. నమూనా పుస్తకములోని బొమ్మలకు, వివరణకు 1957 నాటి కాపీరైటు చట్టము వర్తించును. వ్రాసినవారి జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును. రిజిస్టరు చేయకున్నను ఆ హక్కు పుట్టును. ఎవరైన మీ పుస్తకమును జిరాక్సు తీసి అమ్మినచో అడుగవచ్చును. కాని కుట్టు పద్ధతిపై ఎవరికిని హక్కు లేదు. మీ నమూనా చదివి బొంత కుట్టుకొన్న ఇల్లాలిని ఎవరును అడ్డగింపరు, అడ్డగింపరాదు కూడ. రెండవది 2000 నాటి డిజైనుల చట్టము. ఒక రూపమును దుప్పట్లపై, బట్టలపై పెద్ద ఎత్తున వేయించు ఆలోచన ఉన్నచో, దానిని లోకమునకు చూపకముందే రిజిస్టరు చేయవలెను. 10 సంవత్సరములు, పొడిగించినచో మరి 5 రక్షణ కలుగును. అట్లు రిజిస్టరు చేయింపదగిన డిజైనును రిజిస్టరు చేయక, ఆ వస్తువును హక్కుదారులు గాని వారి అనుమతితో ఇతరులు గాని పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారుచేసినచో, ఆ డిజైనుపై కాపీరైటు కూడ పోవును. ఇంటి వ్యాపారమునకు మొదట కాపీరైటు చాలును. ఈ 50 సంఖ్యను మాత్రము గుర్తుంచుకొనుట మంచిది.

అమ్మకము సంగతి క్లుప్తముగ చెప్పుదును. మొదటనే వేయి ప్రతులు అచ్చువేయించి మంచము క్రింద పెట్టుకొనుట తెలివి కాదు. 20 ప్రతులు తీయించి, కుట్టు సామానుల దుకాణములలో, కుట్టు నేర్పు కేంద్రములలో ఉంచి చూడవచ్చును. ప్రక్కన కుట్టిన బొంత ఒకటి వ్రేలాడవలెను. బొంత చూడక నమూనా ఎవరును కొనరు. జనవరిలో నాంపల్లిలో జరుగు నుమాయిష్, ఉప్పల్‌లోని శిల్పారామము వంటి చోట్ల నలుగురు కలిసి ఒక అంగడి తీసికొనవచ్చును. ఇప్పుడు నమూనాను కంప్యూటరు ద్వారా పంపి, కొన్నవారు తమ ఇంటనే అచ్చుతీసికొను సౌకర్యము ఉన్నది. దేశాంతరముల తెలుగువారికి తపాలా ఖర్చు లేకుండ చేరును. ఇందులో ఒక మెలకువ. అచ్చుయంత్రము కాగితమునకు సరిపోవునట్లు బొమ్మను కొంచెము కుదించుట కద్దు. అట్లయినచో కొలతలన్నియు తప్పును. మొదటి పుటలో సరిగా ఒక అంగుళపు గడి గీచి, ‘అచ్చుతీసిన పిదప దీనిని స్కేలుతో కొలిచి చూడుడు’ అని వ్రాసినచో ఈ బాధ తప్పును.

లెక్క మరల చూతము. నమూనా తయారీకి, పరీక్షలకు కలిపి 120 గంటలు పట్టెననుకొందము. ప్రతి 150 రూపాయలకు అమ్మి, అచ్చు ఖర్చు 50 పోగా 100 మిగిలినచో, 24 ప్రతులు అమ్మునప్పటికి 2,400 వచ్చును. అనగా బొంత అమ్మినప్పటి గంటకు 20 రూపాయల మట్టము. ఇరువదియైదవ ప్రతినుండి వచ్చునది అంతయు దానిపై లాభమే. దానికొరకు సూది ఎత్తనక్కరలేదు. 24 ప్రతులు అమ్ముట తేలికయని నేననను. మొదటి నమూనా పది ప్రతులకే ఆగిపోవచ్చును. మూడవదియో నాలుగవదియో పట్టుబడిన పిదప, దానిని మెచ్చినవారు పాతవానిని కూడ అడుగుదురు. ఈ వ్యాపారములో పాత సరకు పాతబడదు.

సర్కారు వారి వద్ద పేరు నమోదు చేయించుకొనదలచినవారికి 2020 జులై 1 నుండి అమలులో ఉన్న ‘ఉద్యం’ పద్ధతి కలదు. ఆధారు సంఖ్యతో ఇంటినుండియే చేసికొనవచ్చును; రుసుము లేదు, దళారి అక్కరలేదు. 2025 ఏప్రిల్ 1 నుండి రెండున్నర కోట్ల పెట్టుబడి, పది కోట్ల అమ్మకము వరకు సూక్ష్మ సంస్థయే. మన బొంతల పెట్టెకు ఆ హద్దు తగులునని భయపడనక్కరలేదు! బ్యాంకులో ఈ డబ్బుకు వేరు ఖాతా ఉంచుట మాత్రము మొదటి దినము నుండియే అవసరము. ఇంటి ఖర్చులో కలిసిన సంపాదన ఎంతయో ఎవరికిని, సంపాదించినామెకు కూడ, తెలియదు.

కాలము కూడ చూచుకొనవలెను. మన హైదరాబాదులో బొంత అవసరమగునది మార్గశిర పుష్య మాసములలో. అప్పుడు కప్పుకొనవలెనన్నచో కుట్టుట రెండు నెలల ముందు మొదలుకావలెను. అనగా నమూనా వినాయక చవితి నాటికి దుకాణములో ఉండవలెను. దానికి ముందు పరీక్షలకు రెండు నెలలు తీసివేసినచో, గళ్ళ కాగితము, పెన్సిలు తీసికొని కూర్చుండవలసినది వేసవి సెలవులు ముగిసి పిల్లలు బడికి పోవు వారములోనే.